నిజాం ఇచ్చిన యుద్ధ విమానాలు ఎక్కడ కూలాయి? ఎనభై ఏళ్ళ తర్వాత వాటిని ఎట్లా వెతుకుతారు?

చెన్నూరులో మా మామూకు పాత ఇనుము దుకాణం ఉంది. ఇనుము ఒక కుప్ప, రాగి ఒక మూల, అల్యూమినియం ఇంకో మూల. పగిలిన గిన్నెలు, మోటార్ల మూతలు, కిటికీ ఫ్రేములు అన్నీ కాంటా మీదికి ఎక్కాల్సిందే. ఈ కథనం రాయడానికి కూర్చునే ముందు ఆయన్ని అడిగాను.

"మామూ, ఎవరన్నా పాత విమానం ముక్క తెస్తే ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం బేటా, అల్యూమినియం రేటు కడతాం. దాని మీద ఎవరి పేరన్నా రాసుంటదా ఏంది?"

రాసి ఉంటుంది. ఒక విమానం మీదైతే సాక్షాత్తు మన హైదరాబాద్ పేరే రాసి ఉంది. అది ఇప్పుడు లండన్‌లో ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ వాళ్ళకు చాలా డబ్బు ఇచ్చారు. ఆ డబ్బుతో ఒక మొత్తం వైమానిక దళానికి విమానాలు కొన్నారు. అదే రాయల్ ఎయిర్ ఫోర్స్ 110వ స్క్వాడ్రన్. దాని పేరులోనే బ్రాకెట్‌లో 'హైదరాబాద్' చేర్చారు. డీహెచ్-9ఏ అనే రెండు సీట్ల బాంబర్లు పూర్తిగా సమకూరిన మొట్టమొదటి స్క్వాడ్రన్ ఇదే. ప్రతి విమానం మీదా 'హిజ్ హైనెస్ ద నిజాం ఆఫ్ హైదరాబాద్ బహూకరించినది' అన్న అర్థంలో ఇంగ్లీషులో రాయించి, ఒక నంబరు వేశారు. 1918 సెప్టెంబర్‌లో ఈ దళం ఫ్రాన్స్‌కు వెళ్ళింది. పట్టపగలు జర్మనీ పట్టణాల మీద బాంబులు వేసి రావడం దాని పని. యుద్ధం నవంబర్‌లో ముగిసింది. అంటే పట్టుమని రెండున్నర నెలలు. ఆ కొద్ది రోజుల్లోనే నష్టం చాలా ఎక్కువ జరిగింది.

అట్లా పోయినవాటిలో ఒకటి ఎఫ్1010. 'హైదరాబాద్ నంబర్ 12ఏ' అని దాని మీద రాసి ఉండేది. 1918 అక్టోబర్ 5న జర్మనీలోని కైజర్స్‌లాటర్న్, పిర్మాజెన్స్ వైపు దాడికి వెళ్ళి తిరిగి రాలేదు. శత్రువుల నేల మీదే దిగాల్సి వచ్చింది. కెప్టెన్ ఇంగ్లిస్, సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ ఇద్దరూ ప్రాణాలతో ఖైదీలయ్యారు. విమానం కూడా ఖైదీయే అనుకోండి.

ఇక్కడి నుంచి దాని ప్రయాణం వింటే సినిమా కథ అనిపిస్తుంది. జర్మన్లు దాన్ని పగలగొట్టలేదు, ట్రోఫీలాగా దాచుకున్నారు. 1936లో బెర్లిన్‌లో పెద్ద విమానాల మ్యూజియం తెరిచినప్పుడు అందులో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో, అదే మ్యూజియం మీద బ్రిటిష్ బాంబులు పడ్డాయి. మిగిలిన విమానాలను జర్మన్లు తూర్పు దిక్కుకు, ఇప్పటి పోలండ్ భూభాగంలోకి తరలించారు. యుద్ధం అయ్యాక అవి పోలండ్ వాళ్ళకు దొరికాయి. అక్కడా ఇక్కడా గోదాముల్లో పడి ఉండి, చివరికి క్రాకోవ్ నగరంలోని విమాన మ్యూజియం చేరాయి. 1977లో బ్రిటన్ ఒక బేరం కుదుర్చుకుంది. ఒక స్పిట్‌ఫైర్ విమానం పోలండ్‌కు ఇచ్చి, ఈ డీహెచ్-9ఏను వెనక్కు తీసుకుంది. వస్తువుకు వస్తువు. డబ్బు చేతులు మారలేదు.

నేను బీకాం చదివినవాణ్ణి. మాకు తరుగుదల అని ఒక పాఠం ఉంటుంది. యంత్రం విలువ ఏటా తగ్గుతూ పోయి చివరికి 'స్క్రాప్ వాల్యూ' దగ్గర ఆగుతుంది. ఎఫ్1010 లెక్క చూస్తే ఆ పాఠం తలకిందులైంది. 1918లో పోయిన బండి అని ఖాతాలోంచి కొట్టేసిన విమానం, 59 ఏళ్ళ తర్వాత ఇంకో విమానం ధర పలికింది. దాన్ని ఏళ్ళ తరబడి బాగు చేసి, లేని భాగాలు కొత్తగా తయారు చేసి, లండన్ హెండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో పెట్టారు.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. నిజాం ఇచ్చిన సొమ్ము ఎక్కడిది? ఆకాశం నుంచి ఊడిపడలేదు. చెన్నూరు అప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఒక తాలూకా. మన తాతముత్తాతలు కట్టిన శిస్తు కూడా ఆ రాజ్యం ఖజానాకే పోయింది. ఆ విమానం మీద రాసిన పేరు నిజాందే, కానీ డబ్బులో గోదావరి ఒడ్డు రైతుల వంతు కొంచెమన్నా ఉండే ఉంటుంది. అందుకే దీన్ని ఇంగ్లండ్ వాళ్ళ చరిత్ర అని వదిలేయడం నాకు ఇష్టం లేదు. గర్వపడాలా వద్దా అన్నది వేరే సంగతి.

రెండో యుద్ధంలో హైదరాబాద్ పేరుతో ఇంకో రెండు ఫైటర్ స్క్వాడ్రన్లు వచ్చాయి. 152వ స్క్వాడ్రన్‌కు స్పిట్‌ఫైర్లు, 253వ స్క్వాడ్రన్‌కు హరికేన్లు. 152 వాళ్ళ బ్యాడ్జి మీద ఉన్న బొమ్మ ఏమిటో తెలుసా? నిజాం తలపాగా. కింద 'నమ్మకమైన మిత్రుడు' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. అది నిజాంకు బ్రిటిష్ వాళ్ళు ఇచ్చిన బిరుదులోని మాటే. 1940 ఎండాకాలంలో హిట్లర్ విమానాలు ఇంగ్లండ్ మీద పడ్డప్పుడు ఈ రెండు దళాలూ నేరుగా ఆ పోరులో ఉన్నాయి. అదే 1940లో మన ఆదిలాబాద్ అడవిలో, జోడేఘాట్ దగ్గర, జల్ జంగల్ జమీన్ కోసం నిలబడ్డ కొమరం భీంను నిజాం పోలీసులు కాల్చి చంపారు. ఈ రెండు సంగతులూ ఒకే రాజ్యం చరిత్ర. ఒకదాన్ని చెప్పి ఇంకోదాన్ని దాస్తే లెక్క తేలదు.

సరే, ఇప్పుడు వెతుకులాట దగ్గరికి వద్దాం.

1940 ఆగస్టు 30న 253వ స్క్వాడ్రన్ నుంచి లేచిన హరికేన్లలో ఒకటి నడిపింది కాలిన్ ఫ్రాన్సిస్ అనే పైలట్ ఆఫీసర్. వయసు 19. ఇంటర్ అయిపోయి డిగ్రీలో చేరే వయసు. కెంట్ ప్రాంతం మీద జరిగిన పోరులో విమానం కూలింది. మనిషి ఏమయ్యాడో తెలియలేదు. 'ఆచూకీ లేదు' అని రాశారు. రన్నీమీడ్ అనే చోట వైమానిక దళం స్మారకం ఉంది. సమాధి లేని 20 వేలకు పైగా మంది పేర్లు అక్కడ రాతి మీద చెక్కి ఉన్నాయి. ఆ పేర్లలో ఇతని పేరూ చేరింది. 41 ఏళ్ళు గడిచాయి. 1981లో రోథమ్ అనే ఊరి దగ్గర తవ్వకంలో ఆ హరికేన్ శకలాలు, వాటితోపాటు ఆ కుర్రవాడి అవశేషాలు బయటపడ్డాయి. సైనిక లాంఛనాలతో బ్రూక్‌వుడ్ శ్మశానంలో ఖననం చేశారు.

జనాజా లేకుండా పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఎట్లా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. గల్ఫ్‌కు పోయి ఫోన్ ఆగిపోయిన మనుషుల ఇళ్ళు మా వైపు ఉన్నాయి. చనిపోయాడని ఏడవలేరు, ఉన్నాడని నవ్వలేరు. మట్టి ఇచ్చుకోవడానికైనా ఏదో ఒకటి దొరకాలి అంటారు పెద్దవాళ్ళు. కూలిన విమానాలు వెతికేవాళ్ళలో చాలామందిని నడిపించేది ఇదే. ఇనుము సరదాతో మొదలుపెట్టినవాళ్ళు కూడా ఒకసారి ఎముకలు కనబడ్డాక మారిపోతారు.

వెతకడం మొదట కాగితాల దగ్గర మొదలవుతుంది, పార తర్వాత. ప్రతి స్క్వాడ్రన్‌కూ రోజువారీ పుస్తకం ఉంటుంది. ఎవరు ఏ విమానంలో ఎన్ని గంటలకు లేచారు, ఎన్ని గంటలకు దిగారు అని రాస్తారు. దిగిన టైం గడి ఖాళీగా ఉంటే ఆ రోజు కథ అక్కడే మొదలవుతుంది. తర్వాత శత్రువు పక్షం రికార్డులు. ఫలానా టైంలో ఫలానా చోట ఒక విమానం కూల్చాను అని అవతలి పైలట్ రాసుకున్నదానికి ఇవతలి లెక్క సరిపోతుందా అని చూస్తారు. మా భాషలో చెప్పాలంటే బ్యాంకు పాస్‌బుక్, మన ఖాతా పుస్తకం పక్కపక్కన పెట్టి టాలీ చేయడం లాంటిదే. ఆ తర్వాత ఊరి పెద్దలు. "మా నాన్న చిన్నప్పుడు ఆ చెలకలో పడిందని చెప్పేవాడు" అనే మాట ఒక్కోసారి రికార్డుల కన్నా నిక్కంగా ఉంటుంది. ఒక్కోసారి అర కిలోమీటరు తప్పు కూడా ఉంటుంది.

చోటు తేలాక మాగ్నెటోమీటర్ తెస్తారు. నేలలో ఇనుము ఉంటే అయస్కాంత బలంలో వచ్చే తేడాను ఇది పట్టుకుంటుంది. విమానం ఒళ్ళు అల్యూమినియం, అది దీనికి దొరకదు. దొరికేది ఇంజను ఉక్కు, తుపాకులు. స్పిట్‌ఫైర్, హరికేన్ రెండింటిలోనూ ఉండే మెర్లిన్ ఇంజను 600 కిలోలకు పైనే బరువు. విమానం నిట్టనిలువుగా మెత్తటి నేలలో పడితే ఆ ఇంజను బాణంలా కొన్ని మీటర్ల లోతుకు దిగబడుతుంది. రెక్కలు మాత్రం పైనే చిందరవందరగా పడతాయి. వాటిని అప్పట్లోనే ఏరి కరిగించేశారు, యుద్ధ కాలంలో లోహానికి అంత గిరాకీ. లోపలికి పోయింది అట్లాగే మిగిలింది. బంకమట్టి అయితే ఇంకా మంచిది. గాలి ఆడదు కాబట్టి తోలు, పారాచూట్ బట్ట, కాగితం కూడా దశాబ్దాలు నిలుస్తాయి. చివరి మాట చెప్పేది మాత్రం నంబర్లు. ఇంజను మీద అచ్చు కొట్టిన నంబరు, తయారీ రేకు, ఒక్కో భాగం మీద ముద్ర. ఇవి దొరికితేనే ఇది ఫలానా విమానమే అని తేలుతుంది. అందుకే ఎవరైనా జ్ఞాపకానికి అని ఒక చిన్న రేకు జేబులో వేసుకుపోతే, ఒక మనిషి పేరే జేబులో వేసుకుపోయినట్టు.

బ్రిటన్‌లో ఒకప్పుడు ఇట్లాంటి జేబు పనులు బాగానే జరిగాయి. 1986లో సైనిక అవశేషాల రక్షణ చట్టం తెచ్చారు. కూలిన యుద్ధ విమానం ఏ దేశానిదైనా సరే, రక్షణ శాఖ లైసెన్సు లేకుండా తవ్వితే నేరం. లోపల మనిషి అవశేషాలు ఉండొచ్చని అనిపించినా, పేలని బాంబులు ఉండొచ్చని అనిపించినా మామూలుగా లైసెన్సు ఇవ్వరు. దీని మీద అక్కడ వాదన ఉంది. సమాధిని కదపొద్దని కొందరు, పేరు లేని సమాధి కన్నా తవ్వి పేరు ఇవ్వడమే మర్యాద అని ఇంకొందరు. ఫ్రాన్సిస్ కథ చదివాక నేను రెండోవాళ్ళ వైపే మొగ్గుతాను.

అందరూ దొరకరు. 152వ స్క్వాడ్రన్ పైలట్ డగ్లస్ షెప్లీ 1940 ఆగస్టు 12న ఐల్ ఆఫ్ వైట్ దగ్గర సముద్రం మీద పోయాడు. సమాధి లేదు. ఆ ఇంట్లో యుద్ధానికి బలైంది అతనొక్కడే కాదు, తోబుట్టువుల్లో ముగ్గురు పోయారు. అతని భార్య, తల్లి కలిసి ఊళ్ళో చందాలు పోగుచేసి 5,700 పౌండ్లు జమ చేశారు. దాంతో ఒక కొత్త స్పిట్‌ఫైర్ కొనిచ్చి దానికి 'షెప్లీ' అని పేరు పెట్టించారు. నిజాం ఖజానా ఇచ్చిన విమానాలు ఒకవైపు, ఒక తల్లి ఇంటింటికీ తిరిగి కొన్న విమానం ఇంకోవైపు.

సముద్రంలో దొరికినా అసలు కష్టం బయటికి తీశాకే మొదలవుతుంది. 2013 జూన్‌లో ఇంగ్లండ్ తీరంలోని గుడ్విన్ ఇసుక దిబ్బల దగ్గర నుంచి జర్మన్ డోర్నియర్-17 బాంబర్‌ను పైకి లేపారు. 1940 ఆగస్టులో కూలినది. నీళ్ళలో 70 ఏళ్ళు నిలిచిన అల్యూమినియం గాలి తగలగానే గబగబా తినేయబడుతుంది. లోహంలో చేరిన ఉప్పు దానికి కారణం. అందుకే కాస్‌ఫర్డ్ మ్యూజియంలో పెద్ద ప్లాస్టిక్ గుడారాలు వేసి, దాని మీద పలచటి సిట్రిక్ యాసిడ్ నీళ్ళు ఏకధారగా చల్లారు. సిట్రిక్ యాసిడ్ అంటే ఏదో రసాయనం అనుకునేరు, మన కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పే. ఉప్పు వదలాలి, లోహం మిగలాలి, పాత రంగు చెడకూడదు. ఏళ్ళ తరబడి సాగిన ఓపిక పని అది. తీసే ఖర్చు ఒక్కసారే. కాపాడే ఖర్చు ప్రతి సంవత్సరం. బడ్జెట్ లేనివాళ్ళు నీళ్ళలోనే వదిలేయడం మేలు అని నిపుణులు అనడం ఇందుకే.

పుకార్ల మాట కూడా చెప్పాలి. మన దగ్గర పాత గడీలు, గుళ్ళు, కోటల్లో గుప్త నిధులు ఉన్నాయని రాత్రిపూట తవ్వేవాళ్ళు ఉంటారు గదా, విమానాల లోకంలోనూ అదే జబ్బు ఉంది. బర్మాలో యుద్ధం చివర కొత్త స్పిట్‌ఫైర్లను పెట్టెల్లో పెట్టి భూమిలో పూడ్చేశారని డేవిడ్ కండాల్ అనే ఇంగ్లండ్ రైతు నమ్మాడు. ఏళ్ళ తరబడి సాక్షుల కోసం తిరిగాడు. 2013లో ఒక వీడియో గేముల కంపెనీ డబ్బుతో యాంగోన్ విమానాశ్రయం దగ్గర గాలించారు. ఒక్క విమానమూ దొరకలేదు. పూడ్చినట్టు రికార్డుల్లో ఎక్కడా లేదని ఆ బృందమే తేల్చింది. అదే బర్మా ఆకాశంలో మన 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు నిజంగానే ఎగిరాయి. పెట్టెల్లోని విమానాల కోసం ప్రపంచమంతా ఎగబడింది గానీ, ఆకాశం నుంచి పడ్డవాటి గురించి ఆ సందడిలో సగం కూడా వినబడలేదు.

మన దేశంలో ఇట్లాంటి శకలాలు ఎక్కువ ఉన్నది ఈశాన్యంలో. 1942 నుంచి 1945 దాకా అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకులు మోసిన అమెరికన్ విమానాల దారిని 'హంప్' అనేవాళ్ళు. ఆ దారిలో సుమారు 600 విమానాలు పోయాయి. అమెరికాలోని అరిజోనాకు చెందిన క్లేటన్ కూల్స్ అనే పర్వతారోహకుడు స్థానిక వేటగాళ్ళను తోడు తీసుకుని కాలినడకన తిరుగుతూ ఒక్కొక్కటీ గుర్తించాడు. 'హాట్ యాజ్ హెల్' అనే బాంబర్ 1944 జనవరి 25న పోయింది, అందులో 8 మంది. 2006లో అరుణాచల్‌లోని దామ్రో ఊరి పైన కొండల్లో ఆయనకు దొరికింది. 2015లో అమెరికా ప్రభుత్వ బృందం వచ్చి అవశేషాలు సేకరించింది. లెఫ్టినెంట్ రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్ అనే అతన్ని పరీక్షల్లో గుర్తించి 2017లో జార్జియాలోని సొంత ఊళ్ళో ఖననం చేశారు. మధ్యలో కొన్నేళ్ళు సరిహద్దు సమస్య అని అనుమతులు ఆగిపోయాయి కూడా. కొండల్లో జనం ఆ అల్యూమినియంతో గిన్నెలు, పనిముట్లు చేసుకున్నారు. తప్పు పట్టలేం, మా మామూ చేసేదీ అదే పని. ఇప్పుడు మిగిలినవాటిని 2023 నవంబర్‌లో పాసీఘాట్‌లో తెరిచిన హంప్ మ్యూజియంలో చూడొచ్చు.

తెలుగువాళ్ళకు దగ్గరి గాయం ఇంకోటి ఉంది, అది యుద్ధకాలం కాదు. 2016 జూలై 22న చెన్నై తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయలుదేరిన వైమానిక దళం ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. 29 మంది. వాళ్ళలో 8 మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపోలో పనిచేసే సివిలియన్ ఉద్యోగులు. ఓడలు, విమానాలు వారాల తరబడి వెతికాయి. ఏమీ దొరకలేదు. సెప్టెంబర్‌లో అందరూ చనిపోయినట్టు భావిస్తున్నామని ఇళ్ళకు ఉత్తరాలు వెళ్ళాయి. ఏడున్నరేళ్ళ తర్వాత, 2024 జనవరిలో, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ మనిషి లేకుండా నడిచే జలాంతర వాహనాన్ని పంపింది. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున, సోనార్ ధ్వనితో వెతికి ఫోటోలు తీస్తే విమానం శకలాలు కనిపించాయి. ఆ చుట్టుపక్కల ఇంకే విమానమూ పోయిన రికార్డు లేదు కాబట్టి అదే అయి ఉంటుందని తేల్చారు. చూశారా, ఇక్కడా చివరి మాట రికార్డుదే.

ఇంత ఉన్నా మన చట్టంలో ఒక ఖాళీ ఉంది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన వస్తువే పురావస్తువు. 1944లో కూలిన విమానం 2044 దాకా ఆ లెక్కలోకి రాదు. అల్యూమినియం అప్పటిదాకా ఆగుతుందా, పాత సామాను వ్యాపారం ఆగుతుందా? బ్రిటన్ లాగా కూలిన రోజు నుంచే రక్షణ ఇచ్చే చట్టం మనకు ప్రత్యేకంగా ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం.

అట్లాగే ఒక జాగ్రత్త. పొలంలో గానీ వాగులో గానీ, పాత సామానులో గానీ బాంబులా, తూటాలా కనిపించేది ఏది దొరికినా కదపకండి, సుత్తితో కొట్టకండి, 100కు ఫోన్ చేయండి. పేలుడు పదార్థానికి తరుగుదల ఉండదు. నంబరు రాసిన రేకు అయితే అమ్మేముందు రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి.

లండన్‌లో చదువుకునే మన పిల్లలు చాలామంది ఉన్నారు. హెండన్ మ్యూజియంలోకి టికెట్ లేదు, ఉచితమే. పోయినప్పుడు ఎఫ్1010 ముందు నిలబడి ఒక ఫోటో తీసుకోండి. నేను ఆ విమానం ఫోటో ఫోన్‌లో మామూకు చూపించాను. పక్కన రాసిన 'నిజాం', 'హైదరాబాద్' అన్న మాటలు చదివి వినిపించాను. చాలాసేపు చూసి, "ఎన్ని కిలోలుంటది?" అని అడిగారు.

ఆ రకం విమానం ఖాళీగా దాదాపు 1,270 కిలోలు మామూ. అందులో చాలా భాగం కట్టె, బట్ట.

"అయితే మనకు పనికి రాదు" అని ఫోన్ నాకు ఇచ్చేసి, మళ్ళీ అడిగి తీసుకుని, ఇంకోసారి చూశారు.